అరువు మొహం

"గట్టిగా లాగు. ఇంకా. చెవి కింద పట్టుకుని వెనక్కి లాగు."

"ఇంతకన్నా లాగితే చర్మం ఊడొస్తుందండీ."

"వస్తే రానీ. మూతి తిన్నగా ఉందా లేదా, అది చెప్పు."

కారు ఇంటి ముందే ఆగి ఉంది. డ్రైవర్ సీట్లో నిదానం, వెనక సీట్లో అతని భార్య. తన చెయ్యి ఫోటోలో పడకుండా సీటు పక్కనుంచి దూర్చి, భర్త ఎడమ చెంపని చెవి వైపుకి లాగి పట్టుకుంది. అతని చేతిలోని ఫోను ఒక గుండ్రటి గీత గీసి, మొహం అందులో పెట్టమంటోంది.

లాగినంతసేపూ మూతి మాట విన్నది. కన్నే వినలేదు. కుడి కన్ను మామూలుగానే ఉంది కానీ, ఎడమ కన్ను దేన్నో చూసి బెదిరినట్టు తెరుచుకుని ఉండిపోయింది. ఫోను ఒకసారి వణికింది.

'ఈ మొహం మా దగ్గరున్న ఫోటోతో సరిపోలడం లేదు. మీకు ఇంకొక్క అవకాశం ఉంది. అదీ తప్పితే మీ ఖాతా శాశ్వతంగా మూసివేయబడుతుంది.'

ఆమె చెయ్యి వదిలేసింది. చెంప మళ్ళీ జారిపోయింది.

"నేనేరా బాబూ," అన్నాడు నిదానం ఫోనుతో. "ఇన్నేళ్ళుగా నీ చాకిరీ చేస్తున్నది నేనేరా."

అతనికి నిదానం అని పేరు పెట్టింది స్టాండులో తోటి డ్రైవర్లు. పచ్చలైటు పడ్డాక కూడా అటూ ఇటూ చూస్తే గానీ కదలడు. ఎక్కినవాళ్ళు విసుక్కుంటారు, దిగినవాళ్ళు మాత్రం యాప్‌లో మెప్పుకోలుగా అయిదుకి అయిదు చుక్కలూ ఇచ్చి పోతారు. అలాంటి మనిషికి ఓ పొద్దున్న నిద్ర లేచేసరికి మొహంలో సగం చచ్చుబడింది. పక్షవాతం కాదు, మొహంలో నరం వాచింది, కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది అన్నాడు డాక్టరు. కంట్లో మందు చుక్కలు వేసుకుంటూ, కళ్ళద్దాలు పెట్టుకుని, పగటిపూట బండి నడుపుకోవచ్చనీ అన్నాడు. కానీ బండి కదలాలంటే ముందు కంపెనీవారి యాప్ తెరుచుకోవాలి. అది తెరుచుకోవాలంటే రోజూ పొద్దున్నే దానికి మొహం చూపించాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది వ్యవహారం.

గుమ్మంలో కూర్చున్న అత్తగారు, నిదానం తల్లి, మెడ సాచింది. "ఏమంటోందిరా పెద్దోడా?"

"నేను నేను కాదంటోందమ్మా."

"నవమాసాలు మోసిన దాన్ని, నేను చెబుతున్నాగా నువ్వేనని! ఇలా ఇవ్వు, నేను మాట్లాడతా దాంతో."

ఇంకొకప్పుడైతే ముగ్గురూ నవ్వుకునేవాళ్ళే. నిదానానికి నవ్వితే మొహం మరీ వంకరపోతోంది. అందుకని ఈమధ్య ఆ ఇంట్లో నవ్వొచ్చే మాట పుట్టినా ఎవరూ అందుకోవడం లేదు.

అతను కారు దిగి లోపలికి నడిచాడు. ఆమె వెనకాలే వెళ్ళింది.

"ఆఫీసుకి ఇంకోసారి వెళ్ళి రాకూడదూ?" అంది.

"వెళ్ళి ఏం చెయ్యను? ఆ కిటికీలో అమ్మాయి డాక్టరు చీటీ చూసింది. అయ్యో పాపం అంది. యాప్‌లో పెట్టండి, చూస్తారు అంది. యాప్ తెరుచుకోవడం లేదమ్మా అన్నాను. మొహం చూపిస్తే తెరుచుకుంటుందండీ అంది. గానుగెద్దులా ఎంత తిరిగినా అక్కడికే వస్తాను."

"పోనీ కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండండి. నేను కుడుతున్నానుగా."

మూల కుట్టుమిషను చుట్టూ దిండుగలీబులు గుట్టగా పడి ఉన్నాయి. ఆ గుట్టకేసి ఒకసారి చూశాడు. ఆ చూపుకి ఆమెకి ఒళ్ళు మండింది.

"ఏం, నా కుట్టు కుట్టులా కనిపించడం లేదా?"

"నేనేమన్నానిప్పుడు?"

"అనకపోతే తెలీదా? మనసులో మాట మొహం మీద..." అనబోయి ఆగిపోయింది. అతని మొహం మీద ఇప్పుడు ఏ మాటా సరిగ్గా కనబడదు.

కారు వేరే ఆసామిది. ఊరికే నిలబెడితే ఇంకొకడికి తాళం ఇచ్చేస్తాడు. అది పోయినా మరొకటి దొరుకుతుంది. ఖాతా పోతే మాత్రం ఇన్నేళ్ళ చుక్కలూ, ఇన్నేళ్ళ మంచి పేరూ దాంతోపాటే పోతాయి. మళ్ళీ మొదట్నించీ చేరతానంటే ఈ వయసువాణ్ణి చేర్చుకుంటారన్న నమ్మకం ఇద్దరికీ లేదు. మిగిలింది ఒక్క అవకాశం. ఆ ఒక్కటీ ఈ మొహంతో వాడితే ఏమవుతుందో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

అత్తగారు గోడ పట్టుకుని లోపలికొచ్చింది. మెల్లిగా అంది. "చిన్నోణ్ణి పిలవరా."

నిదానం చటుక్కున తల తిప్పాడు.

"ఒకే కడుపున పుట్టారు. అదే ముక్కు, అదే నుదురు. దాని దగ్గరున్నది నువ్వు చేరినప్పటి ఫోటోనేగా, వాడి మొహం చూపిస్తే ఆ ఫోను తేల్చుకోలేదు. నాకే చీకట్లో మీ ఇద్దరూ ఒకలా కనబడతారు."

"అమ్మా, వాడి పేరెత్తకు."

"ఎత్తకపోతే..."

"ఏ మొహం పెట్టుకుని అడగమంటావమ్మా వాణ్ణి?"

ఆ మాట అన్నాక అతనే తలొంచుకున్నాడు. గోడవైపు తిరిగి గ్లాసు అందుకుని, గొట్టంతో నీళ్ళు పీల్చుకున్నాడు. సగం లోపలికి పోయాయి, సగం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారాయి. భార్య చూడలేదనుకున్నాడు.

ఆమె చూసింది. చూసి, గుడ్డపీలికలు విదిలించుకుని, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"దారం అయిపోయింది," అంది.

*

చిన్నోడు పనిచేసేది కార్లు కడిగే షెడ్డులో. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, పైపుతో చక్రాల సందుల్లో బురద కొడుతున్నాడు. కిందటేడు దాకా అతనూ అదే కంపెనీకి కారు నడిపేవాడు. డ్రైవర్లంతా ఒకరోజు యాప్ కట్టేసి రోడ్డు మీద కూర్చున్నప్పుడు ముందు వరసలో కూర్చున్నది అతనే. ఆ మర్నాడు అతని ఖాతా మూతపడింది. నిబంధనల ఉల్లంఘన అన్నారు, ఏ నిబంధనో చెప్పలేదు. అందరూ రోడ్డు మీద కూర్చున్న ఆ రోజు అన్నగారు మాత్రం ఎప్పట్లాగే కారు తీశాడు.

అయినా తమ్ముడు వచ్చి అన్న కాళ్ళ దగ్గర కూర్చున్నంత పని చేశాడు. "నువ్వు పగలు నడుపు. సాయంత్రాలు నీ ఖాతా మీద నేను తిప్పుతాను. ఫోటో అడిగినప్పుడు వచ్చి నీ మొహం చూపించు, చాలు."

దానికి నిదానం నలుగురి ముందూ అన్న మాట ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "నా మొహం అరువివ్వడానికి ఇదేమన్నా చొక్కా అనుకున్నావా? నీ మొహంతో నువ్వు బతుకు."

ఆ రోజు గడప దాటినవాడు మళ్ళీ ఇటువైపు రాలేదు.

వదినని చూసి పైపు పక్కకి తిప్పాడు. గడ్డం గుబురుగా పెరిగింది. "కారేది వదినా? నడిచొచ్చినవాళ్ళని ఇక్కడ కడగం."

"మీ అన్నయ్యకి బాగాలేదు."

"విన్నాను. స్టాండులో అనుకుంటున్నారు." చూపు చక్రం మీదే ఉంది.

"విని కూడా రాలేదు."

"రమ్మన్నారా?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఫోను, చెంప లాగడం, కిటికీలో అమ్మాయి, మిగిలిన ఒక్క అవకాశం. చెబుతుంటే తనకే వింతగా తోచింది, ఎవరి గొడవో చెబుతున్నట్టు. అంత అలిసిపోయి ఉంది. చిన్నోడు కుళాయి కట్టేశాడు.

"అంటే నా మొహం కావాలన్నమాట."

"అవును."

"ఆయన పంపించాడా?"

పంపించాడంటే పని తేలిగ్గా అయిపోతుంది. ఆమెకి నోరు రాలేదు. "లేదు. నేనే వచ్చాను."

"అయితే ఆయన్ని అడగమను వదినా. నాకేం పెద్ద మాటలు అక్కర్లేదు. 'చిన్నోడా, ఓసారి రారా' అనమను. బూట్లతోనే పరిగెత్తుకొస్తాను."

"అనలేడయ్యా."

"మూతి వంకరపోయిందనా?"

"మూతి తిన్నగా ఉన్న రోజుల్లో మాత్రం అన్నాడా?"

చిన్నోడికి నవ్వాగలేదు. ఆమెకీ ఆగలేదు. చాలా రోజుల తర్వాత నవ్వేమో, నవ్వు చివర ఏడుపొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గోడవైపు తిరిగి నీళ్ళు తాగుతున్నాడు," అంది. "నేను చూస్తానని. గడ్డం కింద కారిపోతుంటే చొక్కాతో తుడుచుకుంటున్నాడు."

చిన్నోడు గడ్డం నిమురుకున్నాడు. షెడ్డు వెనక్కి వెళ్ళి ఒక బ్లేడూ, సబ్బుముక్కా పట్టుకొచ్చాడు. "నురగకి ఇక్కడ కరువా," అని తనలో తనే గొణుక్కుంటూ, కడుగుతున్న కారు అద్దంలో చూసుకుని గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. మీసం మాత్రం వదిలేశాడు. అన్నకి మీసం ఉంది.

నురగంతా పోయాక అద్దంలోంచి ఆమెకేసి చూసిన మొహం ఆమె భర్తదే. రెండు కళ్ళూ సమానంగా ఆర్పుతున్న మొహం, పెళ్ళైన కొత్తల్లోది.

"సరిపోతుందా వదినా?"

"పద," అంది.

*

ఇంటి ముందు అన్నదమ్ములిద్దరూ ఎదురుపడ్డారు. ఒకరు కారుకి ఇటు, ఒకరు అటు.

నిదానం ముందు భార్యకేసి చూశాడు. దారం తెస్తానని వెళ్ళి ఎవర్ని తెచ్చిందో అర్థమైంది. ఆమె చూపు తిప్పుకోలేదు. కోపం తెచ్చుకుంటాడేమోనని ఆమె కాచుకుని ఉంది. అతనికి కోపం రాలేదు, వచ్చినా ఆ మొహం మీద సగమే వచ్చేది. వాకిలి వదిలి ఇంటి పక్కకి వెళ్ళి, తోమవలసిన అవసరం లేని బకెట్టుని తోమడం మొదలుపెట్టాడు.

"అమ్మా, వాణ్ణి కూర్చోమను," అన్నాడు అక్కణ్ణించే.

"అమ్మా, ఫోను ఎక్కడుందో అడుగు," అన్నాడు చిన్నోడు.

"సీటు మీదే ఉందని చెప్పు."

అత్తగారు ఇద్దరి మధ్యా తల తిప్పలేక విసిగిపోయింది. "మీ ఇద్దరి మధ్యా టపా మోసే ఓపిక నాకు లేదు. చెవులు పనిచేస్తున్నాయిగా, వినిపించింది చాల్లెండి."

చిన్నోడు డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. కాళ్ళు పొడుగు, సీటు వెనక్కి జరుపుకున్నాడు. ఫోను ఎత్తాడు. గుండ్రటి గీతలో మొహం పెట్టాడు. ఆమె కిటికీ పక్కన నిలబడింది.

పచ్చటి గుర్తు వెలిగింది.

"అయిందా?" అత్తగారు అరిచింది.

"అయింది అత్తయ్యా!"

ఇంటి పక్కన బకెట్టు చప్పుడు ఆగింది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మళ్ళీ మొదలైంది.

"వదినా, ఇంకా ఏదో అడుగుతోంది," అన్నాడు చిన్నోడు.

ఆమె వంగి చూసింది. 'మీ రూపంలో కొంత మార్పు గమనించాము. ఇకపై ఈ ఫోటోనే మీ ఫోటోగా ఉంచమంటారా?' కింద రెండు గడులు. అవును. కాదు.

"కాదంటే ఏమవుతుంది?" అంది.

"ఏమో. మళ్ళీ మొదటికొస్తుందేమో."

"మొదటికొస్తే?"

"అన్నయ్యని అడుగుదామా?"

బకెట్టు తోముతున్న వీపు కనబడుతోంది. ఆ వీపుని ఇప్పుడు కదిపితే, ఇంతసేపూ బిగబట్టుకున్నదంతా తమ్ముడి మీద కక్కుతాడని ఆమెకి భయం. వెలిగిన పచ్చగుర్తు ఆరిపోతుందని అంతకన్నా భయం. ఇన్నేళ్ళుగా ఆ ఫోను ఏది అడిగినా అవునంటేనే పని జరిగింది. కాదన్న ప్రతిసారీ ఏదో ఒకటి మూతపడింది.

"ఆయన్ని ఇప్పుడు కదపకు," అని, తనే చెయ్యి చాచి అవును మీద నొక్కింది.

చిన్నోడు దిగేముందు సీటుని అన్న కూర్చునే చోటికి మళ్ళీ ముందుకి జరిపాడు.

*

ఆ రోజునుంచి అదో పద్ధతి అయిపోయింది. పొద్దున్నే షెడ్డుకి వెళ్తూ చిన్నోడు దారి మళ్ళించుకుని వచ్చేవాడు. మొహం చూపించేవాడు. ఆమె ఇచ్చిన టీ నిలబడే తాగి వెళ్ళేవాడు. నిదానం కారు తీసేవాడు. ఇద్దరూ ఇంకా అమ్మ ద్వారానే మాట్లాడుకునేవాళ్ళు.

అయితే ఒక పొద్దున్న ఆమె గమనించింది. తమ్ముడు రాకముందే కారు సీటు వెనక్కి జరిపి ఉంది, పొడుగు కాళ్ళకి సరిపోయేంత. జరిపింది ఎవరో ఆమె అడగలేదు. ఇంకో పొద్దున్న చిన్నోడు టీ గ్లాసు పక్కన కాగితం గొట్టాల కట్ట ఒకటి పెట్టి, దాని సంగతేమీ ఎత్తకుండా వెళ్ళిపోయాడు. నిదానం ఆ కట్టని చాలాసేపు చూశాడు. అప్పటిదాకా ఒకే గొట్టం కడిగి కడిగి వాడుతున్నాడు.

ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం, ఉన్నట్టుండి, ఫోను మళ్ళీ మొహం అడిగేది. అప్పుడు మనుషులు ఎక్కి ఉన్నా సరే, బండి షెడ్డువైపు తిప్పాల్సిందే. ఆ కథ చిన్నోడు వదినకి చెప్పి నవ్వించాడు.

"నిన్న వెనకాల ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. అన్నయ్య నేరుగా షెడ్డులోకి తెచ్చేశాడు. నా చేతుల నిండా నురగ. కిటికీలోంచి తల దూర్చి ఫోటో దిగాను. ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది."

"ఏమంది?"

"కారు కడిగించినందుకు నేనేం ఇవ్వనయ్యా, ముందే చెబుతున్నా అంది."

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న నిదానం భుజాలు కదలడం ఆమెకి కనబడింది. నవ్వుతున్నాడు. వెంటనే మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ మాత్రం దానికే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. మిషను ముందు కూర్చుంటే నడుము విరిగిపోతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా, నొక్కిన ఆ 'అవును' సంగతి ఒక్కసారైనా గుర్తు రాలేదు. అది వచ్చిన పని చేసుకుని పోయిందనుకుంది.

*

ఆ పొద్దున్న నిదానం టీ గ్లాసుని గొట్టం లేకుండా నోటికి ఎత్తాడు.

ఒక్క చుక్క కారలేదు.

ఇంకో గుక్క తాగాడు. భార్యకేసి చూశాడు. రెండు కళ్ళూ కలిపి ఆర్పాడు. పెదవులు బిగించి ఈల వెయ్యబోయాడు, గాలి వచ్చింది, దాని వెనక సన్నగా ఈల కూడా వచ్చింది.

"అమ్మా!"

అత్తగారు వచ్చి కొడుకు మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసింది. "నా పెద్దోడు వచ్చాడే!" అని ఏడ్చేసింది, ఇన్నాళ్ళూ ఎక్కడికో వెళ్ళినట్టు.

ఆమె గిన్నెలు అక్కడే వదిలేసి నిలబడిపోయింది. మొగుడు తన వైపు తిరిగి నిండుగా నవ్వుతుంటే సిగ్గుపడింది కూడా.

"ఇవాళ వాడు రానక్కర్లేదు," అన్నాడు నిదానం. ఆ మాటలో కోపం లేదు. "వచ్చినా టీకి రమ్మను. అంతే."

తల దువ్వుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కార్లో కూర్చుని ఫోనుని ఎత్తి, పెళ్ళిఫోటోకి కూర్చున్నవాడిలా గడ్డం పైకెత్తాడు.

'ఈ మొహం మా దగ్గరున్న ఫోటోతో సరిపోలడం లేదు.'

కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూపించాడు. వెలుతురువైపు తిరిగి మళ్ళీ చూపించాడు. కార్లోంచి దిగి, గోడకి ఆనుకుని, మళ్ళీ చూపించాడు.

'మీకు ఇంకొక్క అవకాశం ఉంది.'

గుమ్మంలో నిలబడ్డ ఆమెకి తను నొక్కిన 'అవును' అప్పుడు గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే చిన్నోడు సందు మలుపు తిరిగి వచ్చాడు. అన్న మొహం దూరంనుంచే చూసినట్టున్నాడు, అడుగు వేగం పెరిగింది. నేరుగా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అమ్మని మధ్యలో పెట్టుకోవడం మరిచిపోయాడు.

"అన్నయ్యా! ఏదీ, ఓసారి నవ్వు!"

నిదానం నవ్వలేదు. ఫోను తెర తమ్ముడి వైపు తిప్పాడు. అక్కడ ఖాతా మొదటి పేజీలో, తన పేరు పక్కన, తన చుక్కల పైన, గుండ్రటి గీతలో చిన్నోడి మొహం ఉంది. ఇన్నాళ్ళూ అది తన మొహమే అనుకుని ఎవరూ పట్టి చూడలేదు.

"ఎవరు మార్చారిది?"

చిన్నోడి మొహంలో వెలుగు ఆరిపోయింది.

"నా ఫోటో ఏది? ఆ రోజు సీట్లో కూర్చున్నది నువ్వు. ఫోను నీ చేతిలో ఉంది. నేను అటు తిరగ్గానే మార్చేశావు కదూ? కడుపులో ఇంత పెట్టుకుని రోజూ వచ్చి నా ఇంట్లో టీ తాగావు."

"పెద్దోడా, ఆ మాటలేంట్రా..." అంది అత్తగారు.

"నువ్వుండమ్మా. అప్పుడు అడిగితే ఇవ్వలేదుగా, అందుకని ఇప్పుడు తీసుకున్నాడు. అవునా కాదా, వాణ్ణే చెప్పమను."

చిన్నోడు అన్నకేసి చూడలేదు. అన్న భుజం మీదుగా గుమ్మంవైపు చూశాడు. వదిన చేతులు తలుపు పట్టుకుని ఉన్నాయి. మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆ చూపు ఎంతోసేపు ఆగలేదు. అయినా ఆమెకి అన్నీ అందులో తెలిశాయి.

"అవునన్నయ్యా," అన్నాడు. "నేనే నొక్కాను."

"ఎందుకు?"

"అరువు తెచ్చుకున్న చొక్కా నచ్చింది. ఉంచేసుకున్నాను."

నిదానం చెయ్యి లేచింది. లేచి, ఎక్కడా దిగలేక, గాల్లోనే ఆగింది. "పో," అన్నాడు. "నా కళ్ళెదుట ఉండకు. పో."

చిన్నోడు వెళ్ళాడు. పరుగు లేదు, తొందర లేదు. షెడ్డుకి వెళ్ళే మనిషి ఎలా నడుస్తాడో అలాగే నడిచాడు. రబ్బరు బూట్ల సంచి భుజాన ఊగుతోంది.

అత్తగారు అరుగు మీద కూలబడింది. నిదానం భార్యవైపు తిరిగాడు. రొప్పుతున్నాడు.

"నువ్వు పక్కనే ఉన్నావుగా. వాడు నొక్కుతుంటే చూడలేదా?"

ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోమనే కదా వెళ్తున్నవాడు చెప్పి వెళ్ళింది. ఊరుకుంటే ఈ ఇంట్లో తన మాట ఎప్పట్లా చెల్లుతుంది, ఈ మనిషి తనని ఎప్పట్లా నమ్ముతాడు. అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడం అలవాటైన సంగతే, అలాగే ఉండిపోతుంది. ఆమెకి ఒక్కసారిగా ఎక్కడలేని నీరసం వచ్చింది. ఇంకొక అబద్ధాన్ని మొయ్యడానికి ఒంట్లో చోటు లేదనిపించింది.

"చూశానండీ," అంది. "నొక్కింది నేను."

అతనికి అర్థం కాలేదు.

"అన్నయ్యని అడుగుదామన్నాడు అతను. వద్దన్నాను. కాదంటే మళ్ళీ మొదటికొస్తుందని భయపడి నా చేత్తో నేనే నొక్కాను. మీరు బకెట్టు తోముతున్నారు."

నిదానం ఆమెకేసి చూశాడు. ఇప్పుడా మొహం మీద సగం కాదు, అన్నీ నిండుగా కనబడుతున్నాయి. కోపం, అవమానం, వాటి వెనక ఇంకేదో.

"మరి వాడు... వాడెందుకు..."

"అది మీరే అడగండి."

చేతిలో ఫోను మళ్ళీ వణికింది. ఒక్క అవకాశం. దానికి కావలసిన మొహం సందు చివరికి చేరిపోతోంది.

"వెళ్ళు," అన్నాడు అతను. "నువ్వెళ్ళి పిలుచుకురా. నువ్వు పిలిస్తే వస్తాడు."

ఆమె తలుపు వదిలింది. ఒక అడుగు ముందుకి వేసింది. తర్వాత ఆగి, అరుగు మీద అత్తగారి పక్కన కూర్చుంది.

"ఒకసారి వెళ్ళాను," అంది. "ఈసారి వెళ్ళనండీ. ఆ మనిషికి కావలసింది నా పిలుపు కాదు."

"మలుపు తిరిగిపోతాడే!"

"అవును. తిరిగిపోతాడు."

నిదానం గేటు దాకా పరిగెత్తాడు. ఇనుపచువ్వలు రెండు చేతులా పట్టుకున్నాడు. సందు చివర సంచి ఊగుతూ కనబడుతోంది. గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. నోరు తెరిచాడు.

నోరు బాగానే తెరుచుకుంది. రెండు పెదవులూ సమానంగా కదిలాయి. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళూ చూస్తున్నారు.

పిలుపు మాత్రం ఇంకా రాలేదు.